నల్ల పొగ రాని గొట్టం

మా ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ముగ్గురు మగాళ్లు దేశాన్ని నడిపేవారు. మా నాన్న, మా మావయ్య, పక్క క్వార్టర్లో మాస్టారు. ఆదివారం సాయంత్రం ముగ్గురూ చేరితే దేశానికి కావలసిన కరెంటు ఎక్కడినించి తేవాలో టీ చల్లారేలోపు తేల్చి పారేసేవారు. ఆ టీ ఏ పొయ్యి మీద కాగిందో, ఆ పొయ్యి ఎవరు రాజేశారో మాత్రం ఒక్కడికీ పట్టేది కాదు. రాజేసింది నేను. అంచేత ఇది చెప్పే హక్కు నాకుందనుకుంటాను. పూర్తిగా విన్నాక ఆ హక్కు నాకు ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

టాటానగర్ స్టేషను దాటి పర్సుడీహ్ వైపు వెళ్తుంటే, పట్టాలకి దగ్గర్లో మా రైల్వే క్వార్టర్లు. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి అదంతా బీహారే. మా వరసలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లం. ఇంట్లో వైర్లుండేవి, బల్బులుండేవి, ఫ్యాను కూడా ఉండేది. కరెంటు ఒక్కటే ఉండేది కాదు. ఊళ్లో ఉక్కు కార్ఖానా వాళ్ల ఇళ్లలో దీపాలు ధగధగలాడుతుంటే మేం దూరం నుంచి చూసి, అదిగో ఊరు అనుకునేవాళ్లం.

వంటంతా బొగ్గు మీదే. పాత బకెట్టుకి లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనప చువ్వలు అడ్డం పెడితే అదే పొయ్యి. బకెట్టు కాబట్టి దానికి పట్టుకునే పిడి ఉంటుంది. మా ఆడవాళ్ల తెలివంతా ఆ పిడిలోనే ఉంది. సాయంత్రం కాగానే ఇంటికో బకెట్టు పొయ్యి వీధిలోకి వచ్చేది. అడుగున పిడక ముక్కలు, కాస్త కిరసనాయిలు, పైన బొగ్గు. అరగంట సేపు వీధి కనిపించేది కాదు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక, పిడికి గుడ్డ చుట్టి ఎత్తుకుని లోపలికి తెచ్చుకునేవాళ్లం. నిప్పు ఇంట్లోకి వచ్చేది, పొగ వీధిలోనే ఉండిపోయేది. దీన్ని ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు, ఎవరికీ దీనికి బహుమతి ఇవ్వాలని తోచలేదు.

మా అమ్మకి ఆయాసం. చలికాలం వచ్చిందంటే రెండు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సిందే. డాక్టరు మందులు రాసి, చివర్లో ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఈవిడకి పొగ తగలకూడదు, తగిలితే ప్రాణానికే ముప్పు అని. ఆ రోజునుంచి పొయ్యి నా చేతికి వచ్చేసింది. అప్పటికి నేను పదో క్లాసు. నేను వీధిలో పొయ్యి రాజేసి విసురుతుంటే అమ్మ తలుపు వేసుకుని లోపల కూర్చునేది. "ఎర్రబడిందేటే?" అని లోపల్నుంచి అడిగేది. "ఇంకా నేదమ్మా" అంటే తలుపు తీసేది కాదు. "అయింది, తెత్తన్నా" అంటేనే గడియ తీసేది. అలా నాలుగేళ్లు అమ్మని కాపాడుకొచ్చాం, ఎవడి సలహా లేకుండా.

ఇప్పుడు ఆ మహానుభావుల సంగతి చెప్పాలి. మా నాన్న ఆవిరి ఇంజను మీద ఫైర్‌మేన్. బొగ్గు పారతో పొయ్యిలో వెయ్యడం ఆయన పని. తక్కువ బొగ్గుతో బండి నడిపించినందుకు పెద్దాఫీసరు చేతుల మీదుగా ఒక కాయితం అందుకున్నాడు. దాన్ని అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. అమ్మ దేవుడికి దండం పెట్టినప్పుడు పనిలో పనిగా ఆ కాయితానికి కూడా పెట్టినట్టే అయ్యేది. నాన్న వాదన ఒకటే: దేశానికి కొత్తగా ఏదీ అక్కర్లేదు, ఉన్నదాన్ని వృథా చెయ్యకుండా కాలిస్తే చాలు. "గొట్టంలోంచి నల్ల పొగ వచ్చిందంటే ఆ ఫైర్‌మేన్ దద్దమ్మని లెక్క. నల్ల పొగంటే ఏటనుకున్నారు? కాలకండా గాల్లోకి పోయిన బొగ్గు!" ఇది ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

మావయ్య అమ్మకి తమ్ముడు. బిర్సానగర్లో ఉండేవాడు, కార్ఖానాలో కంట్రాక్టు పని. ఆదివారం సైకిలేసుకుని, హ్యాండిలుకి ఒక హిందీ పేపరు చుట్టుకుని వచ్చేవాడు. ఆయనది అణువు పార్టీ. "బావా, నీ బొగ్గు ఇంకెన్నాళ్లు? జాదుగూడ కాడ గనుల్లోంచి యురేనియం తీత్తన్నారు సూడు, ఆ సరుకు గుప్పెడుంటే సాలు, దేశమంతా ఎలిగిపోద్ది." "ఆ గుప్పెడేసి ఒక్క ఇంజను నడిపి సూపించరా ముందు" అనేవాడు నాన్న. మాస్టారు రైల్వే బళ్లో సైన్సు చెప్పేవారు. ఆయన సూర్యుడి తరఫు. "పైనుంచి అంత వేడి ఊరికే వచ్చి పడుతోంటే మీకు భూమి తవ్వడం ఎందుకండీ?" అనేవారు. "రాత్రిపూట వత్తాడేటి మాస్టారూ మీ సూర్యుడు?" అని మావయ్య తొడ కొట్టి నవ్వేవాడు.

ఇంత తెలివైనవాళ్లు కదా, ఒకసారి అమ్మ గడపలో నిలబడి, "మీలో ఒకరు ఆ బొగ్గు బుట్ట లోపలెట్టండి, వాన వచ్చేలా ఉంది" అంది. ముగ్గురూ ఆకాశం వైపు చూశారు. వాన వస్తుందా రాదా అని ఇంకో చర్చ మొదలెట్టారు. బుట్ట నేనే లోపల పెట్టాను.

ఎనభైల్లో సర్కారుకి ఉన్నట్టుండి మా ఆడవాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పొగ లేని పొయ్యిలు కట్టిస్తాం, ఎండతో వండే డబ్బాలు చూపిస్తాం అని మా కాలనీకి ఒక ఆఫీసరు వచ్చాడు. జీపు, మైకు, షామియానా, కుర్చీలు. ఎండ డబ్బాలో బియ్యం, నీళ్లు పోసి పదింటికి షామియానా ముందు పెట్టారు. ఆఫీసరు మైకు పట్టుకుని అణువు గురించి కాసేపు, సూర్యుడి గురించి కాసేపు, పొదుపు గురించి చాలాసేపు మాట్లాడాడు. మా ముగ్గురు మహానుభావులూ ముందు వరసలో కూర్చుని, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తలాడించారు. ఈలోగా ఎండ పక్కకి జరిగింది, షామియానా నీడ వచ్చి డబ్బా మీద పడింది. ఒక్కడు జరపలేదు! జరపడానికి పైవాడి అనుమతి కావాలేమో. మూత తీస్తే బియ్యం నానబెట్టినట్టు ఉన్నాయి. వాటినే తలా గుప్పెడు పంచారు, తినేసి చప్పట్లు కొట్టాం. మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని, "చక్కగా ఉడికింది" అన్నారు.

తరవాత పొయ్యి వంతు వచ్చింది. కాలనీలో ముందుగా ఒక ఇంట్లో కట్టి అందరికీ చూపించాలట. ఎవరింట్లో? బొగ్గు ఆదా చేసి కాయితం తెచ్చుకున్నవాడింట్లో. ఇంకెవరున్నారు! నాన్న ఆ రోజు నడిచిన నడక చూడాల్సింది.

మేస్త్రీలు వచ్చి వంటింటి మూల ఇటికలతో, మట్టితో పొయ్యి కట్టారు. రెండు కళ్లు, వెనకనుంచి గోడలోకి, గోడమీంచి పైకి సిమెంటు గొట్టం. కట్టెల కోసం ఎక్కడో ఎవరో గీసిన నమూనా అది. మా కాలనీలో కట్టెలు కాల్చిన ఇల్లు లేదు. ఆ మాట నేను హిందీలో అడిగితే, బొగ్గుకి కూడా పనికొస్తుందిలే అని మధ్యలో చువ్వలు పెట్టారు. ఒక షరతు కూడా పెట్టారు: పాత పొయ్యి ఇంట్లో ఉండకూడదు, రెండూ ఉంటే కొత్తది వాడటం లేదనుకుంటారు. నాన్న మా బకెట్టు పొయ్యిని అప్పటికప్పుడు తీసుకెళ్లి పాత ఇనుమువాడికి ఇచ్చేశాడు. అమ్మ "ఉండనీండి, ఓ మూల పడుంటాది" అంటూనే ఉంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. మొదటి రెండు వారాలు ఆ పొయ్యి బాగానే మండింది. రాజేసినప్పుడు కాస్త పొగ ఇంట్లోకి వచ్చినా, ఎక్కువ భాగం గొట్టంలోంచి పైకి పోయేది. కాకపోతే ఎత్తి వీధిలో పెట్టే వీలు లేదు కాబట్టి రాజేసినంత సేపూ అమ్మని పక్కింట్లో కూర్చోబెట్టేదాన్ని. అలా సాగిపోయేదే, మా నాన్న డ్యూటీ దిగి పట్టాలు దాటి ఇంటికి రాకుండా ఉంటే.

ఇంజన్ల షెడ్డు దగ్గర్నుంచి నడిచి వస్తుంటే మా వరస ఇళ్ల కప్పులన్నీ కనిపిస్తాయి. అన్ని కప్పుల మధ్య ఒకే ఒక్క గొట్టం, మాది. ఆ రోజు అందులోంచి నల్లగా, దట్టంగా పొగ. పక్కన నడుస్తున్న డ్రైవరు నవ్వాడట: "ఏటి బాబూ, సర్టిఫికెట్టు ఇంట్లోనే నల్ల పొగా?" నాన్నకి తల కొట్టేసినంత పనయింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు. "గొట్టం సూసేవేటే? బొగ్గంతా గాల్లోకి తగలేత్తన్నారు! నా పరువు కూడాను!"

మర్నాడు షెడ్డునుంచి ఒక రేకు పళ్లెం తెచ్చాడు. గొట్టం పొయ్యిలోంచి బయలుదేరే చోట గాడి చేసి, పళ్లెం అందులో జారేలా అమర్చాడు. పళ్లెం తోస్తే గొట్టం మూసుకుపోతుంది, లాగితే తెరుచుకుంటుంది. "రాజేసినప్పుడు తోసెయ్యండి. బొగ్గు ఎర్రబడ్డాక తియ్యండి. నల్ల పొగ బయటికి రాకూడదు" అని హుకుం. ఇంజను మీద ఎన్నో ఏళ్లు బొగ్గేసిన మనిషి! ఇంజను మీద గాలి ఎటూ వీస్తూనే ఉంటుంది, నాలుగు గోడలు ఉండవు. పైకి పోనివ్వని పొగ ఎక్కడికి పోతుందని ఆయన తనని తాను అడుక్కోలేదు. ఆయన ఇంటికొచ్చే వేళకి వంట అయిపోయి, కిటికీ తలుపులన్నీ తీసి ఉండేవి. ఆయనకి తెలిసిన పొయ్యి అంటే గొట్టం కొసే.

నేను పళ్లెం లాగేసేదాన్ని. కానీ దాచడానికి వీల్లేని దొంగతనం అది. షెడ్డులో ఎవడు తలెత్తి చూసినా తెలిసిపోయేది. "మీ గొట్టం ఇవాళ మండిందిలే" అని ఎవడో అనడం, నాన్న వచ్చి అమ్మ మీద అరవడం. నా మీద కాదు, అమ్మ మీద. నాలుగు రోజులయ్యాక అమ్మే అంది, "తోసెయ్యవే. ఆ మనిషికి అందరి ముందూ తలవంపులెందుకు." నేను టైపు నేర్చుకోడానికి ఊరవతల మాంగో అనే పేట వైపు వెళ్లడం మొదలుపెట్టాక సాయంత్రాలు పొయ్యి తనే రాజేసుకునేది. నేను వచ్చేసరికి ఇంట్లో గోడలు మసకగా ఉండేవి. అమ్మ వెనక గుమ్మంలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం వెతుక్కుంటూ ఉండేది. "ఏటీ కాలేదు, అన్నం దించీ" అనేది.

నెల తిరక్కుండా ఆఫీసరు మళ్లీ వచ్చాడు, పొయ్యి ఎలా పని చేస్తోందో చూసి రాసుకోడానికి. ఫొటో తీసేవాణ్ణి కూడా తెచ్చుకున్నాడు. అందరికీ చూపించడానికి అమ్మ పొయ్యి రాజేసింది, పళ్లెం తోసే ఉంది. ఆఫీసరు లోపలికి రాలేదు. వీధిలో నిలబడి మెడ వెనక్కి వంచి గొట్టం చూశాడు. "వాహ్! ధువా బిల్కుల్ నహీ!" అని మురిసిపోయాడు. పొగన్నదే లేదట! పొగ ఉందా లేదా అని వీధిలో నిలబడి చూసి పోయే పెద్దమనిషిని నేను అప్పుడే చూశాను. నాన్న మీసం దువ్వుకున్నాడు. మావయ్య, మాస్టారు చెరోపక్కా నిలబడి ఫొటోలో పడ్డారు.

అప్పుడు ఆఫీసరు అమ్మని బయటికి పిలిపించాడు. బహన్‌జీ, ఈ పొయ్యితో మీకేమైనా ఇబ్బందా అని హిందీలో అడిగాడు. అమ్మకి ఇన్నేళ్లయినా బజారు హిందీ తప్ప రాదు. ఏ ఆఫీసులోనైనా, ఆస్పత్రిలోనైనా తన నోరు నేనే. నా వైపు తిరిగి, కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుంటూ, ఆగి ఆగి తెలుగులో చెప్పింది: "లోపల ఊపిరాడటం నేదని సెప్పవే. పాత పొయ్యే నయమని సెప్పు."

నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నేను నిజమే చెప్పేదాన్ని, నా మొండితనం నాకు తెలుసు. బతిమాలుతున్నట్టు చూశాడు. వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది.

"బహుత్ అచ్ఛా హై, కెహ్ రహీ హై" అన్నాను. చాలా బాగుందంటోంది అని.

ఆఫీసరు రాసుకున్నాడు. నేను అన్న మాట ఆయన కాయితం మీద పడుతుంటే అమ్మ నా మొహమే చూస్తోంది. బజారు హిందీ అయితేనేం, "అచ్ఛా" అంటే ఏమిటో తెలియనిది ఎవరికి? లోపలికి వెళ్లిపోయింది. దేశంలో ఇలాంటి పొయ్యిలు ఇన్ని కట్టాం, అన్నీ బాగున్నాయి అని ఎక్కడైనా రాసి ఉంటే, అందులో ఒక బాగు నేను చెప్పిన అబద్ధం. ఆ ముగ్గుర్నీ ఇంతసేపూ వెక్కిరించాను కదా. వాళ్లు తెలియక మాట్లాడారు. నేను తెలిసి మాట్లాడాను.

చలి ముదిరింది. ఒక ఆదివారం సాయంత్రం టైపు క్లాసు నుంచి వచ్చేసరికి నులక మంచం మీద సభ మంచి ఊపులో ఉంది. నాన్న చెయ్యి ఊపుతున్నాడు, మావయ్య పేపరు ఊపుతున్నాడు. వాళ్ల వెనక మా తలుపు సందులోంచి పొగ సన్నగా బయటికి వస్తోంది. "అమ్మేది?" అన్నాను. "టీ పెడతంది" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండానే.

లోపల ఏమీ కనపడలేదు. నా కాలికి అమ్మ తగిలింది. గోడకి జారబడి, నోరు తెరుచుకుని ఉంది, పెదాలు నల్లబడ్డాయి. నేను పెట్టిన కేకకి ముగ్గురూ లేచొచ్చారు. ఆ మంచం మీదే అమ్మని పడుకోబెట్టి రోడ్డుదాకా మోశారు. అక్కణ్ణించి రిక్షాలో ఆస్పత్రికి.

ఆస్పత్రి వరండాలో, నమ్మండి నమ్మకపోండి, మావయ్య కళ్లు తుడుచుకుంటూ, "అణు కరెంటు వచ్చుంటే అక్కకీ గతి పట్టేదేటి బావా" అన్నాడు. మాస్టారు, "ఎండ డబ్బా కూడా ఆలోచించాల్సింది" అన్నారు. నాకు ఇద్దర్నీ వరండాలోంచి గెంటేద్దామనిపించింది. సిగ్గులేని జన్మలు! అయినా నేనెవర్ని, గెంటడానికి?

ఊపిరికి గొట్టం పెట్టి, సూది వేసి, కాస్త తేరుకున్నాక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఈవిడకి పొగ తగలకూడదని అప్పుడే చెప్పాను కదా, ఇంట్లో ఏ పొయ్యి అని హిందీలో అడిగాడు. నాన్న చేతులు కట్టుకుని, "సార్, పొగ లేని పొయ్యి. సర్కారు కట్టించింది. గొట్టంలోంచి చుక్క పొగ రాదు" అన్నాడు. పచ్చి నిజం అనుకునే అన్నాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. డాక్టరు తలూపి, అయితే పొగ కాదన్నమాట, గుండెకి సంబంధించినదేమో చూద్దాం అని మందు కాయితం మీద ఏదో రాయబోయాడు. అంతలో నా వైపు చూసి, "ఏం, అంతేనా? అమ్మనడిగి చెప్పు" అన్నాడు.

నేను మంచం దగ్గరికి వంగాను. ఈసారి చెప్పేస్తాననే వంగాను, ఒట్టు. "అమ్మా, డాక్టరుగారు అడుగుతున్నారు" అన్నాను.

అమ్మ చెయ్యెత్తి నా మొహాన్ని పక్కకి నెట్టింది. గట్టిగా కాదు, అంత బలమెక్కడిది. మూతి మీది గొట్టం తనే పక్కకి లాక్కుంది. నన్ను దాటి డాక్టర్ని చూస్తూ, కూరలు బేరమాడే ఆ వచ్చీరాని హిందీలో, మాటకో ఊపిరి తీసుకుంటూ తనే చెప్పింది.

"ధువా... ఘర్ మే ధువా. బహుత్." ఆగింది. "బేటీ... ఝూఠ్ బోలీ."

డాక్టరు రాయడం ఆపేశాడు. ఇంట్లో పొగ, చాలా పొగ. కూతురు అబద్ధం చెప్పింది. నాన్నకి ఆ హిందీ బాగానే అర్థమైంది, తల దించుకున్నాడు. నేను ఎక్కడికీ పోలేక అక్కడే నిలబడ్డాను.

పొయ్యి మర్నాడే బొగ్గు పగలగొట్టే సుత్తితో నేనే పగలగొట్టాను, నాన్న అడ్డం రాలేదు. కానీ అమ్మ ఊపిరి మళ్లీ మునుపటిలా కాలేదు. ఆ తరవాత ఎనిమిదేళ్లు బతికింది. నాతో బాగానే ఉండేది, నా చేత తల దువ్వించుకునేది, నా పెళ్లికి పాటలు కూడా పాడబోయి దగ్గింది. ఒక్కటి మాత్రం మారింది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా నన్ను వరండాలో కూర్చోమని, ఆయాసపడుతూ తను ఒక్కతే లోపలికి వెళ్లేది.